సెమ్మెల్వైస్ వైద్యుని చరిత్రము

హంగరీ దేశమున డాన్యూబు నదికి పడమటి గట్టున బూడా యనియు, తూర్పు గట్టున పెస్టు అనియు రెండు పట్టణములు పూర్వము వేరువేరుగా నుండెను. 1873వ సంవత్సరమున నివి పొరుగుననున్న ఓబూడాతో గూడ నేకమై బుడాపెస్టు నగరమైనవి. ఆ బూడాలోని టాబాను పేటలో 1818వ సంవత్సరము జూలై 1వ తేదీని ఇగ్నాజు సెమ్మెల్వైస్ జన్మించెను. తండ్రి యోసేపు సంబారములు మొదలగు సరుకుల నమ్ము వర్తకుడు. తల్లి పేరు తెరేసియా. వారికి గలిగిన పదిమంది సంతానములో నీయన యైదవవాడు. ఇల్లు కలిగిన యిల్లే. కూటికిని గుడ్డకును కొదువ లేకుండెను. దారిద్ర్యమును స్వానుభవమున నెరిగినవాడు కాకపోయినను, దరిద్రులలో మిక్కిలి దిక్కులేని స్త్రీలకొరకే యీయన తన జీవితమంతయు వెచ్చింపవలసి వచ్చెను. ఆ వృత్తాంతమును మా చదువరులకును, అందు ముఖ్యముగా తల్లులకును, వైద్యవిద్య నభ్యసింపగోరు పై తరగతుల విద్యార్థులకును తెలుపుటకై మేమీ వ్యాసమును వ్రాయబూనితిమి.

1837లో సెమ్మెల్వైస్ ధర్మశాస్త్రము చదువుటకై వియన్నా నగరమునకు బోయెను. మరుసటి సంవత్సరమే దానిని విడిచి వైద్యవిద్యలో జేరెను. కొంతకాలము పెస్టులోను, తరువాత మరల వియన్నాలోను చదివి 1844లో వైద్యపట్టమును బొందెను. ఆ దినములలో వియన్నా వైద్యపాఠశాలకు యూరపు ఖండమంతటను గొప్ప ఖ్యాతి యుండెను. రోకిటాన్‌స్కీ, స్కోడా, హెబ్రా యను మువ్వురు పండితులు అక్కడ నూతన మార్గమును ద్రొక్కినవారు. రోగి చనిపోయినచో నా శరీరమును గోసి, వ్యాధి యేయే యవయవముల నెట్లు చెరిచినదో కన్నులార జూచి నేర్చుకొనవలెనని రోకిటాన్‌స్కీ బోధించుచుండెను. వైద్యులును విద్యార్థులును ప్రతిదినమును ఉదయమున శవపరీక్ష చేసి, పిమ్మట రోగుల యొద్దకు బోవుట అక్కడి యాచారమయ్యెను. ఈ యాచారమును చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక; ఈ కథకంతటికిని మూలమదియే.

ఇక నా నగరములోని ధర్మాసుపత్రిని గూర్చి కొంత చెప్పవలెను. రెండవ జోసెఫు చక్రవర్తి 1784లో వియన్నాలో నొక పెద్ద సర్వజనాసుపత్రిని తెరపించెను. దానిలో నొక భాగము ప్రసూతిశాల. కలిగినవారి యిండ్లలో పురుడు ఇంటిలోనే జరుగుచుండెను. మంత్రసాని వచ్చును, అవసరమైనచో వైద్యుడును వచ్చును. ప్రసూతిశాలకు వచ్చువారు వేరు. ఇండ్లలో పాచిపని చేయు దాసీలు, పల్లెలనుండి కూలికై వచ్చి నగరపు పేటలలో చీకటిగదుల నివసించు స్త్రీలు, పెండ్లికాకయే తల్లులగుచున్న దిక్కులేని పడుచులు, వీరే దాని గడప ద్రొక్కువారు. కడుపు పండినదని తెలిసినతోడనే యజమానురాలు పనిలోనుండి తీసివేయును. పుట్టింటికి బోవుటకు మొగము చెల్లదు. గది యద్దె యిచ్చుటకు చేత కాసు లేదు. ఇట్టివారు బిడ్డను గని చంపుకొనకుండుటకే ఆ ప్రసూతిశాలను, దానితో కూడ నొక అనాథ శిశుశాలను ఏర్పరచిరి. పురుడు ఉచితము. బిడ్డను పెంచుకొనలేని తల్లి శిశుశాలకు అప్పగింపవచ్చును.

అయితే ఉచితమన్న మాటలో నొక షరతు దాగియుండెను. రొక్కమీయలేని స్త్రీ తన శరీరమునే విద్యార్థుల పాఠమునకు ఒప్పగింపవలెను. నొప్పులు పడుచుండగా ఒకరి తరువాత నొకరుగా వచ్చి విద్యార్థులు చేతితో పరీక్షించుచుందురు. రొక్కమిచ్చుకొనగల స్త్రీకి ఈ బాధ లేదు. దీని మంచి చెడ్డలను మేమిచ్చట విచారింపబోము. వైద్యము నేర్చుకొనువారెక్కడనో నేర్చుకొనవలెను గదా. కాని ఆ స్త్రీలు దానమును పుచ్చుకొనినవారు కారనియు, దానికి దగిన మూల్యమును మించి చెల్లించినవారనియు మాత్రము చెప్పక తప్పదు.

1846వ సంవత్సరము జూలై 1వ తేదీని, తన యిరువదియెనిమిదవ జన్మదినముననే, సెమ్మెల్వైస్ ఆ ప్రసూతిశాలలో క్లైను అను ఆచార్యుని క్రింద సహాయవైద్యుడయ్యెను. అప్పటికి అందు రెండు శాఖలుండెను. 1840 మొదలుకొని మొదటి శాఖలో పురుషులైన వైద్యవిద్యార్థులకును, రెండవ శాఖలో మంత్రసానిపని నేర్చుకొను స్త్రీలకును బోధన జరుగుచుండెను. సాయంకాలము 4 గంటలు మొదలు మరునాటి సాయంకాలము 4 గంటలవరకు ఒక శాఖలో చేర్చుకొందురు; పిమ్మట రెండవ శాఖ వంతు. వారమునకొక దినము మొదటి శాఖకు అదనముగా వచ్చును. ఏ శాఖలో చేరుటయు గర్భిణి యిష్టము కాదు. ఆమె వచ్చిన గడియయే దానిని నిర్ణయించును.

ఆ గడియయే ఆమె బ్రతుకును చావును గూడ నిర్ణయించుచుండెను. ప్రసవించిన రెండుమూడు దినములలో చలియు జ్వరమును గలిగి, కడుపు ఉబ్బి, భరింపరాని నొప్పితో బాలింత మరణించు వ్యాధి యొకటి కలదు. దానిని సూతికాజ్వరమందురు. 1841 మొదలు 1846 వరకు ఆరు సంవత్సరములలో మొదటి శాఖలో ప్రసవించిన 20,042 మందిలో 1,989 మంది మరణించిరి. అనగా నూటికి ఇంచుమించు పదిమంది. రెండవ శాఖలో 17,791 మందిలో 691 మంది, నూటికి నలుగురికి లోపు. 1842లో మొదటి శాఖలో నూటికి దాదాపు 16 మంది పోయిరి. ఈ లెక్కలును నిజమునకు తక్కువే. వ్యాధి ముమ్మరముగా నున్నప్పుడు రోగులను సాధారణాసుపత్రికి మార్చుచుండిరి గనుక, వారి చావులు ఈ పట్టికలలో చేరలేదు.

పండితులకు తెలియకమునుపే ఈ సంగతి పేటలలోని స్త్రీలకు తెలియును. మొదటి శాఖలో వైద్యుడు వచ్చుటయే చావునకు ముందు నడకయని వారు నమ్మిరి. తాము చేర్చబడినది మొదటి శాఖలో అని తెలిసినంతనే మోకాళ్లూని, చేతులు జోడించి, తమ్మును పంపివేయుడని యేడ్చి వేడుకొను స్త్రీలను సెమ్మెల్వైస్ కన్నులార జూచెను. జ్వరము తగిలి నాడి మితిమీరి కొట్టుకొనుచు నాలుక యెండిపోయిన స్త్రీలు సైతము వైద్యుని చేయి తమమీద పడకుండుటకై తాము సుఖముగానే యున్నామని చెప్పుకొనుచుండిరి. రెండవ శాఖ వంతు వచ్చువరకు వీధిలోనే నొప్పులాపుకొని కూర్చుండి, త్రోవలోనో, సందులోనో, తలవాకిటనో ప్రసవించిన వారును గలరు. నగరపు స్త్రీలు కొందరు మంత్రసాని యింట పురుడుపోసికొని, వెంటనే బండిలో వచ్చి, దారిలో ప్రసవించితిమని చెప్పుచుండిరి. అట్టివారి బిడ్డకును శిశుశాలలో ఉచితముగా చోటు దొరకును, తల్లికి విద్యార్థుల పరీక్ష తప్పును. ఇట్టి వీధిపురుళ్లు రెండు శాఖలకును గలిపి యొక్కొక నెలలో నూరువరకు గూడ నుండుచుండెను.

ఉచితముగా నిచ్చినను పేదలు రారేమి, వచ్చినను ఆలస్యముగా వత్తురేమి యని విసుగుకొనువారిని మేము చాలమందిని జూచితిమి. వియన్నాలో నట్టివారు తక్కువ కాదు. ఆ స్త్రీల భయమును మూఢత్వమని కొట్టివేసిరి. కొందరైతే ఆ భయమే జ్వరమునకు కారణమని సిద్ధాంతముచేసిరి. సెమ్మెల్వైస్ మాత్రము ఆ భయమునకు హేతువేమని వెదకెను. వీధిలో రాతిపలకలమీద ప్రసవించి, చలిలో నడచి వచ్చిన స్త్రీకి జ్వరము అరుదుగా వచ్చుచుండగా, మంచముమీద వైద్యుల చేతులలో ప్రసవించిన స్త్రీకి తరచుగా వచ్చుట ఆయనకు నిద్రపట్టనీయలేదు.

ఆ కాలమున సూతికాజ్వరము గాలిలోనుండు విషమువలన, ఋతువుల మార్పువలన గలుగునని పెద్దలందరును చెప్పుచుండిరి. అదే నిజమైనచో ఒకే కప్పు క్రింద, ఒకే గాలి పీల్చు రెండు శాఖలకును భేదమేల యుండవలెను? జనసమ్మర్దము కారణమందమా, రెండవ శాఖలోనే యిరుకు హెచ్చు. మొదటి శాఖకు భయపడి యందరును అక్కడనే చేరగోరుచుండిరి. ఆహారమా, రెండింట నొకటే. రెండవ శాఖలో స్త్రీలను ప్రక్కకు తిరిగి పరుండబెట్టి పురుడుపోయుచుండిరి. మొదటి శాఖలోను అట్లే చేయించి చూచెను, లాభము లేదు. మరణావస్థలో నున్నవారికి సంస్కారమిచ్చుటకై గురువు వచ్చునప్పుడు ముందొకడు గంట వాయించుచు నడచుచుండెను. మొదటి శాఖ నిర్మాణమునుబట్టి ఆయన రోగుల గదికి జేరుటకు ఐదు గదులగుండ పోవలసియుండెను. ఆ గంట చప్పుడునకు బాలింతల గుండె లవియుచున్నవేమో యని తలచి, గంట లేకుండ వేరుత్రోవను రమ్మని సెమ్మెల్వైస్ గురువును వేడుకొనెను. ఆయన దయతో నట్లే చేసెను. చావులు తగ్గలేదు. 1846 చివర ప్రభుత్వమువారు ఒక విచారణసంఘము నేర్పరుపగా, పరదేశీ విద్యార్థులు మొరటుగా పరీక్షించుటయే కారణమని వారు తేల్చి, విద్యార్థుల సంఖ్యను 42నుండి 20కి తగ్గించిరి. కొన్ని నెలలు చావులు తగ్గినవి. 1847 ఏప్రిలులో నూటికి 18కి లేచినవి.

ఆ సంవత్సరము మార్చి నెలలో మనశ్శాంతికై సెమ్మెల్వైస్ స్నేహితులతో వెనిసు నగరమునకు బోయి, 20వ తేదీని మరల పనిలో జేరెను. చేరగానే వినిన వార్త కొలెచ్కా యను మిత్రుని మరణము. ఈ కొలెచ్కా న్యాయవైద్యశాస్త్రమున ఆచార్యుడు. శవపరీక్ష చేయించుచుండగా నొక విద్యార్థి చేతిలోని కత్తి ఆయన వ్రేలికి తగిలెను. ఆ చిన్న గాయమునుండి విషమెక్కి కొద్దిదినములలో ఆయన మరణించెను. ఆయన దేహమును పరీక్షించినవారు వ్రాసియుంచిన వివరములను జదువగా, అవి తాను నూర్లకొలది బాలింతల దేహములలో చూచినవానివంటివే యని సెమ్మెల్వైస్ గ్రహించెను. పురుషుడైన ఆచార్యుని చంపినదియు, ప్రసవించిన స్త్రీలను చంపుచున్నదియు నొకటే రోగము. కొలెచ్కాకు శవములోని విషమును కత్తి అందించెను. బాలింతలకు నందించునదేది? శవములను గోసి, సబ్బుతో పైపైని కడుగుకొని, ఆ వాసన పోకముందే గర్భిణులను పరీక్షించు వైద్యుల చేతులే. రెండవ శాఖలోని మంత్రసానులు శవములను ముట్టరు. వీధిలో ప్రసవించినదానిని ఎవరును పరీక్షింపలేదు. చిక్కుముడి యంతయు విడిపోయెను.

ఆసుపత్రి పాతలెక్కలు గూడ దీనినే చెప్పెను. 1784 మొదలు 1822 వరకు, బోయరు అను ఆచార్యుని కాలము గడచువరకు, నూటికి ఒకరికి కొంచెము పైగా మాత్రమే మరణించుచుండిరి. బోయరు శవములమీద ప్రసూతివిద్యను నేర్పుట కొప్పుకొనలేదు. ఆయన తరువాత క్లైను వచ్చి ఆ పద్ధతిని ప్రవేశపెట్టిన 1823లో మరణములు నూటికి ఏడింటికి పెరిగెను. అన్నిటికంటె దుర్భరమైన సంగతి వేరొకటి. సెమ్మెల్వైస్ తానే అందరికంటె శ్రద్ధగా ప్రతి యుదయమున చనిపోయిన బాలింతల దేహములను పరీక్షించి, వ్యాధి మర్మమును గనుగొనవలెనని యత్నించి, ఆ చేతులతోనే బ్రదికియున్నవారి యొద్దకు బోవుచుండెను. ఆయన పనిలో లేని నెలలలో చావులు తక్కువ. తిరిగి వచ్చిన యేప్రిలులో హెచ్చు. తనవలన నెందరు కాలముగాక ముందే సమాధికి బోయిరో దేవునికే తెలియునని ఆయన తరువాత తన గ్రంథమున దాచక వ్రాసికొనెను. ఇట్లు వ్రాయుటకు వైద్యులలో నెందరికి ధైర్యముండునో మేమెరుగము.

1847 మే నెల నడుమనుండి మొదటి శాఖ ద్వారమున క్లోరిను ద్రవముగల పాత్రను పెట్టించి, లోనికి బోవు ప్రతివాడును చేతులు దానితో కడుగుకొనవలెనని సెమ్మెల్వైస్ ఆజ్ఞాపించెను. ఆ ద్రవము ఖరీదైనది గావున, కొంతకాలమునకు మనము బ్లీచింగు పౌడరు అనునట్టి క్లోరిను సున్నమును వాడుకచేసెను. సబ్బు చాలదని ఆయన ఎట్లు నిశ్చయించెననగా, వాసననుబట్టి. కడుగుకొనిన పిమ్మటను చేతికి శవవాసన యున్నదన్న, శవవిషమును ఉన్నట్లే. సూక్ష్మజీవుల మాట అప్పటికెవరికిని తెలియదు. ఏప్రిలులో 312 పురుళ్లలో 57 మంది పోయిన చోట, జూనులో 268లో ఆరుగురును, జూలైలో 250లో ముగ్గురును మాత్రమే మరణించిరి.

అయినను పని అంతటితో ముగియలేదు. అక్టోబరులో గర్భాశయమున పుండుగల యొక స్త్రీని మొదటి మంచముమీద చేర్చిరి. వైద్యులామెను పరీక్షించి, తరువాతి మంచములకు బోవునప్పుడు సబ్బుతో మాత్రము కడుగుకొనిరి. అప్పుడు ప్రసవించిన పండ్రెండుగురిలో పదునొకండుగురు చనిపోయిరి. విషము శవమునుండియే కాదు, బ్రదికియున్న రోగి పుండునుండియు వచ్చునని దీనివలన తెలిసెను. అంతట నొక్కొక స్త్రీకిని నడుమ క్లోరినుతో కడుగుకొనవలెనని నియమించెను. 1848లో మొదటి శాఖలో 3,556 మందిలో 45 మంది మాత్రమే మరణించిరి; నూటికి ఒకరికంటె కొంచెము హెచ్చు, రెండవ శాఖకంటె నొక వెంట్రుకవాసి తక్కువ. ఆ సంవత్సరము మార్చిలోను ఆగస్టులోను ఆ శాఖలో ఒక్క బాలింతయు చనిపోలేదు. మోకాళ్లూని వేడుకొనవలసిన యవసరము ఇక లేకపోయెను.

ఇంతటి ఫలమును జూచి లోకము చేతులు జోడించినదని చదువరులు తలంచుదురేమో. జరిగినది వేరు. హెబ్రా యీ సంగతిని 1847 డిసెంబరులోను 1848 ఏప్రిలులోను వైద్యపత్రికలో ప్రకటించెను. స్కోడా ఉపన్యసించెను. కాని సెమ్మెల్వైస్ తాను కలము పట్టలేదు. వ్రాతయన్న ఆయనకు వెగటు. పదుమూడు సంవత్సరముల వరకు గ్రంథము రాకపోవుట ఆయన చేసిన పెద్ద లోపమని మా యభిప్రాయము. దూరమున నున్నవారు శవవిషమన్న మాటమాత్రము విని, మా యాసుపత్రిలో శవముల ముట్టకయే జ్వరము వచ్చుచున్నదే యని త్రోసివేసిరి. దగ్గరనున్నవారికి వేరు కారణముండెను. పెద్దమనుష్యులైన వైద్యుల చేతులు మలినములనియు, ఇన్నేండ్లుగా తామే తల్లులను చంపితిమనియు ఒప్పుకొనుట ఎవరికి సులభము? కీలు పట్టణమున మిఖాయెలిస్ అను సాధుశీలుడైన ఆచార్యుడొకడు దీనిని వెంటనే నమ్మెను. తాను పురుడుపోసిన స్వబంధువు ఆ జ్వరముతోనే మరణించియుండెను. ఆ దుఃఖము భరింపలేక 1848 ఆగస్టులో ఆయన ప్రాణము విడిచెను. నమ్మినవానికి గలిగిన గతి యిది. నమ్మనివారు సుఖముగా నిద్రపోయిరి.

ఇంతకుముందును ఈ సత్యమును గొంతవరకు కనుగొన్నవారు లేకపోలేదు. స్కాట్లండు దేశమున ఆబర్డీను పట్టణపు గోర్డను 1795లోను, అమెరికాలో హోమ్సు 1843లోను ఈ జ్వరము వైద్యులవలనను మంత్రసానులవలనను ప్రాకుచున్నదని వ్రాసిరి. కాని పదివేలకొలది పురుళ్ల లెక్కలు పెట్టి, నివారణోపాయమును నిత్యాచారముగా నడపి, ఫలమును చూపినవాడు సెమ్మెల్వైస్.

1848లో వియన్నాలోను హంగరీలోను రాజ్యవిప్లవము చెలరేగెను. అది యణగిన పిమ్మట హంగరీవారన్న ప్రభుత్వమునకు అనుమానము. 1849 మార్చిలో ఉద్యోగపు గడువు తీరగా క్లైను ఆయనకు పొడిగింపీయలేదు. 1850 మేలో వియన్నా వైద్యసంఘమునెదుట సెమ్మెల్వైస్ స్వయముగా ఉపన్యసించెను. ఆ సంవత్సరము అక్టోబరులో బోధనాధికారమిచ్చిరిగాని, బొమ్మమీద మాత్రమే పాఠము చెప్పవలెనని నిర్బంధించిరి. ఆ యవమానమును సహింపక, సహాయపడిన స్నేహితులతో గూడ చెప్పకయే, ఐదారు దినములలో పెస్టునకు వెడలిపోయెను. స్కోడా దీనిని క్షమింపలేదు. మనస్సు కష్టపడినమాట నిజమే; అయినను తనకొరకు పోరాడినవారితో నొకమాట చెప్పిపోవలసినదని మాకు దోచుచున్నది.

పెస్టులో సెంటు రోకసు ఆసుపత్రి పేదల యాసుపత్రి. సెమ్మెల్వైస్ అక్కడి ప్రసూతిశాలను చూడబోయిన దినముననే యొక బాలింత చనిపోయియుండెను. మరియొకతె కొనయూపిరితో నుండెను. తక్కినవారు జ్వరముతో బాధపడుచుండిరి. ఆ శాల శస్త్రవైద్యుని యధికారములో నుండెను. ఆయన పుండ్లు కోసిన చేతులతోనే యిటు వచ్చుచుండెను. 1851 మే 20వ తేదీని సెమ్మెల్వైస్ జీతము లేకయే ఆ శాలను చేపట్టెను. ఆరు సంవత్సరములలో 933 పురుళ్లకు సూతికాజ్వరముచేత పోయినవారు ఎనమండుగురు మాత్రమే.

1855లో ఆయన పెస్టు విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రాచార్యుడయ్యెను. గదులు ఇరుకైనవి, సామగ్రి చాలదు. కొంతకాలమునకు మరల జ్వరము కనబడెను. చేతులన్నియు శుభ్రమే, మరేమి? దుప్పట్లను ఉతుకుటకు తక్కువ వెలకు గుత్త కిచ్చిరి. గుత్తదారు ఉతికి తెచ్చిన దుప్పట్లమీద ముందటి బాలింతల రక్తపు మరకలు అట్లే యుండెను. సెమ్మెల్వైస్ ఆ కంపుగొట్టు దుప్పట్లను మూటగట్టి, కచేరీలోని యధికారి యెదుట విప్పి చూపెను. క్రొత్త దుప్పట్లు వచ్చెను. కాసులు మిగుల్చుటకై చాకలిబట్టలలో చూపు పొదుపు ఎవరి ప్రాణములమీదికి వచ్చునో ఆ యధికారికి అంతకుమునుపు తోచియుండదు.

1857లో మరియా వైడెన్‌హోఫరు అను కన్యను వివాహమాడెను. ఐదుగురు బిడ్డలు గలుగగా ఇద్దరు పసితనముననే పోయిరి. ఆ సంవత్సరమే జూరికు విశ్వవిద్యాలయమువారు పిలిచినను పోలేదు. తుదకు 1861 సంవత్సరపు తేదీతో ఆయన గొప్ప గ్రంథము జర్మను భాషలో వెలువడెను. అందు పట్టికలమీద పట్టికలు, వాదముమీద వాదము; చెప్పినదానినే మరల చెప్పుట హెచ్చు; చదువుట కష్టము. పండితులు చాలమంది నిరాదరించిరి. సుప్రసిద్ధుడైన విర్ఖోవు సైతము ఒప్పుకొనలేదు. అంతట సెమ్మెల్వైస్ ప్రసూతివైద్యాచార్యులకు బహిరంగలేఖలు వ్రాసి, మీరు తెలిసియు మానకున్నచో హంతకులే యని దూషించెను. ఆ దూషణవలన ఒక్కడైనను మారెనని మేము చెప్పలేము. కాని ప్రతిదినమును ఏదో యొక నగరమున నొక తల్లి వారింపదగిన చావు చచ్చుచున్నదని యెరిగి, ఆ యెరుకతో పండ్రెండేండ్లు, పదుమూడేండ్లు గడపినవాడు మృదువుగా మాటలాడవలెనని కోరుట ఆసుపత్రి మంచముమీద పండుకొననివారికి తేలిక.

క్రమముగా ఆయన బుద్ధి చెదరెను. ఏ మాట వచ్చినను సూతికాజ్వరముమీదికే త్రిప్పును, నడవడి మారెను. 1865 జూలై చివర భార్యయు స్నేహితులును ఆయనను వియన్నాకు గొనిపోయిరి. పాతమిత్రుడు హెబ్రా, వైద్యశాల నొకదానిని చూపెదనని పిలిచికొనిపోయి, పిచ్చాసుపత్రిలో విడిచెను. మోసము తెలిసికొని బయటపడబోగా కావలివారు కొట్టి, కట్టి, చీకటిగదిలో వేసిరి. రెండు వారములలో, ఆగస్టు 13వ తేదీని, నలువదియేడవ యేట ఆయన మరణించెను. చేతి గాయము కుళ్లి రక్తమంతయు విషమయ్యెను. పూర్వము శస్త్రచికిత్సలో తగిలిన గాయమే కారణమని చాలకాలము చెప్పుకొనిరి. తరువాత వెలువడిన శవపరీక్షా పత్రములవలన కావలివారి దెబ్బల సంగతి తెలియవచ్చెను. ఏ విధముగా జూచినను, తాను జీవితమంతయు పోరాడిన విషమే ఆయనను గొనిపోయినది. ఖననమునకు వచ్చినవారు కొద్దిమంది. పెస్టులోని ప్రసూతిశాలలో ఆయన స్థానమునకు వేరొకరు వచ్చిన పిమ్మట చావులు మరల పెరిగెను.

సెమ్మెల్వైస్ మరణించుటకు ముందటి దినమున, 1865 ఆగస్టు 12వ తేదీని, గ్లాస్గో నగరమున లిస్టరు అను శస్త్రవైద్యుడు కాలు విరిగిన యొక బాలుని గాయమునకు కార్బాలికు ద్రావకముతో కట్టుకట్టెను. వీరిద్దరును ఒకరినొకరు ఎరుగరు. 1879లో పారిసు వైద్యపరిషత్తునందు పాస్టరు పండితుడు లేచి, బాలింతలను చంపు సూక్ష్మజీవి పూసలదండవలె నుండునని నల్లబల్లమీద బొమ్మ గీసి చూపెను. అటుతరువాత చేతులు కడుగుకొననన్న వైద్యునికి సమాధానము లేకపోయెను. 1891లో హంగరీవారు సెమ్మెల్వైస్ యస్థికలను వియన్నానుండి బుడాపెస్టునకు తెచ్చుకొనిరి. 1906లో పాలరాతి ప్రతిమను నిలిపిరి. ఆ ప్రతిమ పాదములయొద్ద బిడ్డ నెత్తుకొనిన తల్లి కూర్చుండియున్నది. అది యిప్పుడు సెంటు రోకసు ఆసుపత్రి యెదుట నున్నది. 1964లో అస్థికలను మరల కదల్చి టాబాను పేటలో ఆయన పుట్టిన యింటికే చేర్చిరి. ఆ యిల్లు నేడు వైద్యచరిత్ర ప్రదర్శనశాల. నాటి మొదటి శాఖలో మోకాళ్లూనిన ఆ దాసీలలోను, కూలి స్త్రీలలోను ఒక్కరి పేరైనను చరిత్రలో నిలువలేదు.